పిల్లలకి అడవిలో వేసవి పని: యూత్ కన్జర్వేషన్ కోర్ గురించి తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

జనవరి దాటితే చాలు, అమెరికాలోని మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్నలు మొదలవుతాయి. హైస్కూల్లో ఉన్న అబ్బాయో అమ్మాయో "నేషనల్ ఫారెస్ట్‌లో ట్రైల్స్ బాగుచేసే పని ఉందట, అప్లై చేస్తాను" అంటారు. ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. విడివిడిగా జవాబులు రాసీ రాసీ చివరికి అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. తేదీలు, బూట్ల నియమాలు లాంటివి ఒక్కో అడవికి ఒక్కోలా ఉంటాయి కాబట్టి వాటికి స్థానిక ఆఫీసు చెప్పిందే లెక్క.

## అప్లై చేసే ముందు

అసలు ఈ వైసీసీ ఏమిటి? సమ్మర్ క్యాంపా, ఉద్యోగమా?

ఉద్యోగమే. యూత్ కన్జర్వేషన్ కోర్, అందరూ వైసీసీ అంటారు, 1970లో చట్టంతో మొదలైంది. 1974లో శాశ్వత కార్యక్రమం అయింది. 15 నుంచి 18 ఏళ్ళ పిల్లలు వేసవిలో ప్రభుత్వ భూముల్లో జీతానికి పనిచేస్తారు. నడకదారులు సరిచేయడం, క్యాంప్‌గ్రౌండ్లు శుభ్రం చేయడం, పిక్నిక్ బల్లలకి రంగులు వేయడం, బోర్డులు పాతడం, పిచ్చి మొక్కలు పీకడం లాంటి పనులు ఉంటాయి. సాధారణంగా 8 నుంచి 10 వారాలు, వారానికి 40 గంటలు. చెట్ల గురించి, నీటి గురించి పాఠాలు కూడా చెబుతారు కానీ అవి పని మధ్యలోనే జరుగుతాయి. పిల్లల్ని ఆడించి ఇంటికి పంపే చోటు అనుకుని దింపి వస్తే మొదటి వారమే ఇద్దరికీ ఇబ్బంది.

ఫారెస్ట్ సర్వీస్, పార్క్ సర్వీస్ ఒకటే కదా?

కాదు. 1905లో ఏర్పడిన ఫారెస్ట్ సర్వీస్ వ్యవసాయ శాఖ కింద ఉంటుంది. నేషనల్ పార్క్ సర్వీస్ 1916లో వచ్చింది, అది ఇంటీరియర్ శాఖది. ఎల్లోస్టోన్, యోసెమిటీ పార్కులు. సియాటిల్ దగ్గరి మౌంట్ బేకర్-స్నోక్వాల్మీ, అట్లాంటాకి ఉత్తరాన ఉన్న చాటహూచీ, లాస్ ఏంజెలెస్ వెనక కొండల్లో ఉన్న ఏంజెలెస్, ఇవి నేషనల్ ఫారెస్టులు. వైసీసీని ఈ రెండు సంస్థలూ, ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీసూ నడుపుతాయి. ఎవరి అప్లికేషన్ వాళ్ళకే పంపాలి. ఒకచోట పంపితే అన్నిచోట్లకీ వెళ్ళిపోదు.

మేము న్యూజెర్సీలో ఉంటాం. మాకు దగ్గర్లో ఏది?

న్యూజెర్సీలో నేషనల్ ఫారెస్ట్ ఒక్కటీ లేదు. డెలావేర్ వాటర్ గ్యాప్ లాంటి పార్క్ సర్వీస్ ప్రాంతాలనో, గ్రేట్ స్వాంప్ లాంటి వన్యప్రాణి శరణాలయాలనో అడగాలి. డాలస్ వాళ్ళకి ఉత్తరాన ఎల్‌బీజే నేషనల్ గ్రాస్‌ల్యాండ్, హ్యూస్టన్ వాళ్ళకి శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్ దగ్గర. అడవి ఉంది కదా అని ప్రతి ఏడాదీ అక్కడ వైసీసీ ఉంటుందని అనుకోవద్దు. బడ్జెట్ వస్తేనే క్రూ పెడతారు. వెబ్‌సైట్ పేజీ పాతదై ఉండొచ్చు, ఆ అడవిని చూసుకునే స్థానిక రేంజర్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకి ఫోన్ చేయడమే మంచిది. ఆ ఫోన్ మీరు కాదు, పిల్లలే చేయాలి.

మావాడికి 14 ఏళ్ళ 10 నెలలు. ఒప్పుకుంటారా?

పని మొదలయ్యే రోజుకి 15 నిండాలి. అలాగే పని ముగిసేలోపు 19 నిండకూడదు. జూన్ మధ్యలో మొదలయ్యే చోట మేలో పుట్టినరోజు ఉన్నవాళ్ళకి ఇబ్బంది లేదు. జులైలో ఉంటే వచ్చే ఏడాది చూసుకోవాలి.

మేము హెచ్-1బీ మీద ఉన్నాం, పాప హెచ్-4. అప్లై చేయొచ్చా?

చేయకూడదు. అందరికంటే ఎక్కువ బాధపెట్టే జవాబు ఇదే, అందుకే సూటిగా రాస్తున్నాను. పౌరులో, గ్రీన్ కార్డు ఉన్న శాశ్వత నివాసులో అయి ఉండాలి. సోషల్ సెక్యూరిటీ నంబర్ కావాలి. హెచ్-4 మీద ఉన్న పిల్లలకి జీతానికి పనిచేసే అనుమతి లేదు. హెచ్-4 ఈఏడీ, అంటే పనిచేసే అనుమతి కార్డు, భార్యకో భర్తకో ఇచ్చేది, పిల్లలకి కాదు. గ్రీన్ కార్డు దరఖాస్తు చివరి దశలో ఉండి ఈఏడీ చేతికి వచ్చిన పిల్లలైతే, నిబంధనలో "శాశ్వత నివాసి" అన్న మాట ఉంది కాబట్టి, ముందే ఆఫీసులో అడిగి తేల్చుకోండి.

ఇక్కడే పెరిగి, ఇక్కడి స్కూల్లోనే చదువుతున్న పిల్లకి "నీ ఫ్రెండ్స్ వెళ్ళొచ్చు, నువ్వు వెళ్ళకూడదు" అని చెప్పడం కష్టమే. జీతం లేని వాలంటీర్ పని వేరే దారి. ఫారెస్ట్ సర్వీస్‌కి 1972 చట్టం కింద వాలంటీర్లని తీసుకునే పద్ధతి ఉంది. 18 లోపు పిల్లలకి తల్లిదండ్రుల సంతకం కావాలి. సంతకానికి ముందే వీసా ఏమిటో చెప్పి, కుదురుతుందో లేదో అడగండి. ఖర్చుల పేరుతోనైనా సరే, డబ్బు తీసుకునే ముందు మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగడం మంచిది.

ఆడపిల్లని పంపొచ్చా?

పంపొచ్చు. చట్టం మొదటి నుంచీ ఆడపిల్లలకీ మగపిల్లలకీ కలిపే రాశారు. చాలా కార్యక్రమాలు పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికి వచ్చేవే. అక్కడే ఉండి చేసే చోట్ల ఆడపిల్లలకి బస వేరుగా ఉంటుంది. క్రూ లీడర్లు ఎవరు, వాళ్ళలో ఆడవాళ్ళు ఉన్నారా, ఫోన్ సిగ్నల్ లేనిచోట రేడియో ఎవరి దగ్గర ఉంటుంది అని అడగండి. ఇవి అడగదగ్గ ప్రశ్నలే, ఎవరూ తప్పుపట్టరు. అడవిలో నెలసరి వస్తే ఎలా అని అమ్మలు మెల్లగా అడుగుతుంటారు. వాడిన ప్యాడ్లు పాతిపెట్టరు, మూసే సంచిలో పెట్టి వెనక్కి తెచ్చుకుంటారు. ఒక చిన్న పౌచ్‌లో సంచులు, వైప్స్, అదనపు ప్యాడ్లు పెట్టి ఇస్తే చాలు.

## అప్లికేషన్, ఎంపిక

ఎప్పుడు అప్లై చేయాలి? రెజ్యూమె ఎంత గట్టిగా ఉండాలి?

చాలాచోట్ల చలికాలం చివర్లో మొదలై ఏప్రిల్‌లోపు గడువు ముగుస్తుంది. ఇక రెజ్యూమె సంగతి వింటే మనవాళ్ళకి నమ్మబుద్ధి కాదు: చాలాచోట్ల ఎంపిక లాటరీ. అర్హత ఉన్నవాళ్ళ పేర్లలోంచి తీస్తారు. జీపీఏ, రోబోటిక్స్ కప్పు, కూచిపూడి అరంగేట్రం, ఏదీ లెక్కలోకి రాదు. కొన్నిచోట్ల మాత్రం ఇంటర్వ్యూ ఉంటుంది. డాక్టర్ల పిల్లలూ ట్రక్ డ్రైవర్ల పిల్లలూ ఒకే క్రూలో పడటం ఈ పద్ధతి వల్లే జరుగుతుంది. ఈ కార్యక్రమంలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే.

జులైలో ఇండియా వెళ్ళాలి. మధ్యలో మూడు వారాలు సెలవు ఇస్తారా?

ఇవ్వరు. 8 వారాల పనిలో 3 వారాలు లేకపోతే ఆ సీటు ఇంకొకరికి వెళ్ళేది. పెళ్ళి లాంటి ఒకటి రెండు రోజుల పని ఉంటే ముందే చెప్పండి. ఇండియా ప్రయాణం ఖాయమైతే ఈ ఏడాది అప్లికేషన్ వదిలేయడమే మర్యాద.

కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుందా?

ఈ ప్రశ్న రాకుండా ఏ సంభాషణా ముగియదు. పనికిరాదని అనను, వేసవంతా గంటల లెక్కన పనిచేసి జీతం తీసుకున్న పిల్లవాడికి రాయడానికి నిజమైన విషయం ఉంటుంది. కానీ కేవలం దానికోసమే పంపితే పిల్లలకి రెండో వారంలోనే తెలిసిపోతుంది, క్రూ లీడర్‌కి ఇంకా ముందే తెలిసిపోతుంది. ఎండలో రాళ్ళు మోయడం ఇష్టం లేని పిల్లని లైబ్రరీలో పనికి పంపండి, అదీ మంచి పనే.

జీతం ఎంత?

కనీస వేతనం. కేంద్ర కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లే. రాష్ట్ర వేతనం అంతకంటే ఎక్కువైతే సాధారణంగా అదే ఇస్తారు. 7.25 చొప్పున 8 వారాలకి, వారానికి 40 గంటలు వేసుకుంటే 2,320 డాలర్లు. 2025లో వాషింగ్టన్ రాష్ట్రంలో వేతనం 16.66, అక్కడ అదే పనికి 5,300 దాటుతుంది. పన్నులు పోను చేతికి కొంచెం తక్కువ వస్తుంది.

## పని మొదలయ్యే ముందు

ఏమేం కొనాలి?

ముఖ్యంగా బూట్లు. చీలమండ దాకా వచ్చే తోలు బూట్లు అడుగుతారు, స్పోర్ట్స్ షూస్ కుదరవు. ఎంపిక ఉత్తరం రాగానే కొని, ఇంట్లోనూ వీధిలోనూ రోజూ తొడిగి తిప్పండి. కొత్త బూట్లతో మొదటి రోజు వెళ్తే మధ్యాహ్నానికి మడమల మీద బొబ్బలు లేస్తాయి. ఊలు మేజోళ్ళు, గట్టి బట్ట ప్యాంట్లు, వానకోటు, 3 లీటర్ల నీళ్ళు పట్టే సీసాలు కావాలి. హెల్మెట్, గ్లవ్స్, కళ్ళద్దాలు వాళ్ళే ఇస్తారు. బ్రాండ్ల వెంట పడకండి. బూట్లకి తప్ప దేనికీ ఎక్కువ ఖర్చు అక్కర్లేదు.

మేము శాకాహారులం. తిండి ఎలా?

ఇంటి నుంచి వెళ్ళి వచ్చే పనైతే లంచ్ మీరే కట్టివ్వాలి. అక్కడ ఫ్రిజ్ ఉండదు, మైక్రోవేవ్ ఉండదు. పులిహోర, చపాతీ-కూర, పల్లీలు, బెల్లం చిక్కీ బాగా నిలుస్తాయి. జూన్ ఎండలో పెరుగన్నం పులిసిపోతుంది. మామూలు రోజు కంటే ఎక్కువ పెట్టండి, ఆకలి అలా ఉంటుంది. బస ఉన్న కార్యక్రమమైతే అప్లికేషన్‌లోనే శాకాహారం అని రాయండి. గుడ్డు తింటారో లేదో కూడా విడిగా రాయాలి, లేకపోతే వాళ్ళ లెక్కలో గుడ్డు శాకాహారమే.

వర్క్ పర్మిట్, మెడికల్ ఫారం అంటున్నారు, అవేమిటి?

18 లోపు పిల్లలకి వర్క్ పర్మిట్ కావాలా వద్దా అన్నది రాష్ట్రాన్ని బట్టి. చాలాచోట్ల స్కూల్ ఆఫీసే ఇస్తుంది, సెలవులు ఇచ్చేలోపే తీసుకోండి. మెడికల్ ఫారంలో ఆస్తమా, తేనెటీగ కుడితే వచ్చే అలర్జీ, వాడే మందులు ఏవీ దాచొద్దు. చెప్తే తీసుకోరేమో అని దాచేవాళ్ళున్నారు. దగ్గరి ఆసుపత్రి రెండు గంటల దూరంలో ఉన్నచోట ఎపిపెన్ (అలర్జీకి వెంటనే ఇచ్చే ఇంజెక్షన్) సంగతి క్రూ లీడర్‌కి తెలియకపోవడమే అసలు ప్రమాదం.

## పని రోజుల్లో

ట్రైల్ బాగుచేయడం అంటే ఏం చేస్తారు? నడిచే దారికి అంత పనేముంటుంది?

దారిని పాడుచేసేది ఎక్కువగా నీళ్ళే. కొండ దారి మీద వాన పడితే నీళ్ళు దారినే కాలువ చేసుకుని పరుగెత్తుతాయి. మట్టి కొట్టుకుపోతుంది, రాళ్ళు, వేళ్ళు తేలతాయి. నడిచేవాళ్ళు అది తప్పించుకోవడానికి పక్కనుంచి నడుస్తారు, దారి వెడల్పవుతుంది, పక్కనున్న మొక్కలు చస్తాయి. అందుకని నీటిని వీలైనంత త్వరగా దారి మీంచి పక్కకి తోసేయాలి. దారికి ఏటవాలుగా దుంగనో రాళ్ళ వరసనో పాతి నీటిని మళ్ళిస్తారు, దీన్ని వాటర్‌బార్ అంటారు. దాని వెనక ఒండ్రు పేరుకుంటుంది, ఏటా తవ్వి తీయాలి. తీయకపోతే వాటర్‌బార్ ఉన్నా లేనట్టే. వరి మడికి మడవ తిప్పిన తాతయ్య ఎవరైనా చూస్తే ఒక్క నిమిషంలో అర్థం చేసుకుంటారు.

దారి లోయవైపు అంచు కొంచెం వాలుగా ఉండేలా చెక్కడం కూడా ఇలాంటిదే. ఏళ్ళ తరబడి నడకతో ఆ అంచు మీద గట్టులా మట్టి లేస్తుంది, నీళ్ళు బయటికి పోలేవు, దాన్ని తీసేయాలి. మంచి దారి వాలు, కొండ వాలులో సగం కంటే ఎక్కువ ఉండకూడదన్నది ట్రైల్ వేసేవాళ్ళ లెక్క. మలుపులు తిరిగే దారిలో అడ్డంగా దిగిపోయే షార్ట్‌కట్లని కొమ్మలతో, ఎండు దుంగలతో మూసేస్తారు. ఈ పని చేసిన పిల్లలు తర్వాత ఏ కొండకి వెళ్ళినా షార్ట్‌కట్‌లో దిగే వాళ్ళ నాన్నని కోప్పడతారు.

గొడ్డళ్ళు, రంపాలు చేతికిస్తారా?

చేతి పనిముట్లు ఇస్తారు, ఎలా పట్టుకోవాలో, ఎంత దూరంలో నిలబడాలో నేర్పాకే. మోటారు రంపం ఇవ్వరు. 18 లోపు పిల్లలు దాన్ని వాడకూడదని కేంద్ర కార్మిక నిబంధన. మంటలార్పే పనికి కూడా పంపరు. ఎక్కువగా వాడేవి రెండు. మెక్‌లౌడ్‌కి ఒకవైపు వెడల్పు పార, ఇంకోవైపు దంతె. పులాస్కీకి ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు తవ్వే అంచు. 1910 ఆగస్టులో ఐడహో అడవులు తగలబడినప్పుడు ఎడ్ పులాస్కీ అనే రేంజర్ తన కింద పనిచేసే 40 మందికి పైగా మనుషుల్ని ఒక గని సొరంగంలోకి తోసుకెళ్ళాడు. బయటికి పరుగెత్తబోయిన వాళ్ళని తుపాకి చూపించి ఆపాడు. కొందరు చనిపోయారు కానీ ఎక్కువమంది బతికారు. ఆ పనిముట్టుకి ఆయన పేరే.

టాయిలెట్లు కడిగిస్తారట, నిజమేనా?

నిజమే. ఈ ప్రశ్న అడిగేటప్పుడు మనవాళ్ళ గొంతు మారుతుంది. ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో మనకి తెలుసు. ఎవరో ఒకరు కడగాల్సిన పనిని ఫలానా వాళ్ళే కడగాలని తరాల తరబడి తోసేసిన అలవాటు అది. ఇక్కడ క్రూలో అందరికీ వంతు వస్తుంది, క్రూ లీడర్‌కి కూడా.

పనిలో తెలుసుకోవలసిందీ ఉంది. అడవిలో నీళ్ళ పైపులు లేని టాయిలెట్ల కింద ఒక తొట్టి, దాన్నుంచి పైకప్పు దాటి ఒక గొట్టం ఉంటాయి. ఆ గొట్టానికి నల్లరంగు వేస్తారు. ఎండకి వేడెక్కి లోపలి గాలి పైకి లాగుతుంది, వాసన గదిలోకి రాదు. జనం తొట్టిలో సీసాలు, డైపర్లు వేస్తే తోడే బండి గొట్టం ఇరుక్కుంటుంది, అప్పుడు పొడవాటి కొక్కెంతో ఒక్కొక్కటీ లాగాలి. ఒక్కసారి లాగినవాళ్ళు జన్మలో అందులో ఏదీ వేయరు.

క్యాంప్‌గ్రౌండ్‌లో ఇంకేం పనులుంటాయి?

ఇనుప నెగళ్ళలో బూడిద తీయాలి, అందులో గాజు పెంకులు, మేకులు, అల్యూమినియం రేకు ఏరాలి. బూడిదని ముందు నీళ్ళు పోసి కలిపి, చేతి వెనకవైపు దగ్గరపెట్టి వేడి లేదని చూసుకుంటారు. పైకి చల్లగా కనిపించే బూడిదలో నిప్పు రోజుల తరబడి ఉంటుంది. బల్లలు, కంచెలు, బోర్డులు సరేసరి.

పాములు, ఎలుగుబంట్లు, పిడుగులు... భయంగా ఉంది.

ఎలుగుబంటి గురించి అందరూ అడుగుతారు, కందిరీగల గురించి ఎవరూ అడగరు. నేలలో గూడు పెట్టే పసుపు కందిరీగల మీద పార పడితే క్రూ అంతా పరుగే. నిజంగా తరచుగా వచ్చేవి అవి, పిడుదు పురుగులు, పాయిజన్ ఓక్ లేదా పాయిజన్ ఐవీ దురద, వడదెబ్బ. రోజూ సాయంత్రం స్నానంలో మోకాళ్ళ వెనక, నడుము దగ్గర, జుట్టులో పిడుదులు ఉన్నాయేమో చూసుకోవాలి. మూడు ఆకుల గుత్తి ఉన్న మొక్కని ముట్టుకోకూడదు, దాని జిడ్డు బట్టలకి అంటి ఇంట్లో మిగతావాళ్ళకీ దురద తెస్తుంది కాబట్టి పనిబట్టలు విడిగా ఉతకండి. ఉరుము వినిపిస్తే శిఖరం మీద పని ఆపేసి దిగుతారు. గాయమైతే, వైసీసీ పిల్లలకి కేంద్ర ఉద్యోగులకి వర్తించే పరిహార చట్టం వర్తిస్తుంది. చిన్న దెబ్బైనా ఆ రోజే రాయించమని చెప్పండి.

మా బాబు ఏడుస్తున్నాడు, మానేస్తానంటున్నాడు. ఏం చేయాలి?

మొదటి పది రోజులు ఒళ్ళు నొప్పులే. సోమవారం దాకా ఆగమనండి. రెండో వారం చివరికి చాలామంది కుదురుకుంటారు. లీడర్ తిట్లో, తోటివాళ్ళ ఏడిపింపో కారణమైతే మాత్రం ఆగొద్దు, వెంటనే ప్రోగ్రాం కోఆర్డినేటర్‌తో మాట్లాడండి. పేరు పలకడం రాక వేరే పేరు పెట్టి పిలుస్తున్నారని కొందరు పిల్లలు బాధపడతారు. మొదటి రోజే "నా పేరు ఇలా పలకాలి" అని చెప్పమనండి, చెప్తే నేర్చుకుంటారు.

## పని అయిపోయాక

టాక్స్ ఫైల్ చేయాలా?

వేసవి జీతం స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను పడని కనీస మొత్తం) కంటే తక్కువే ఉంటుంది కాబట్టి, వేరే ఆదాయం లేకపోతే ఆదాయపు పన్ను పడదు. జీతంలోంచి ముందే పట్టుకున్నది ఉంటే ఫైల్ చేసి వెనక్కి తీసుకోవచ్చు. పిల్లల్ని మీ డిపెండెంట్‌గా చూపించడం ఆగదు. ఇది సంపాదించిన ఆదాయం కాబట్టి వాళ్ళ పేరున రాత్ ఐఆర్‌ఏ అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతా కూడా తెరవొచ్చు. మొత్తం అందులోనే వేయించకండి, కొంత వాళ్ళ ఇష్టానికి ఖర్చుపెట్టుకోనివ్వండి.

దీన్నుంచి రేంజర్ ఉద్యోగానికి దారి ఉందా?

నేరుగా లేదు, మెట్లున్నాయి. 16 నుంచి 30 ఏళ్ళ వాళ్ళకి పబ్లిక్ ల్యాండ్స్ కోర్ అనే పద్ధతి ఉంది. అందులో 640 గంటలు పూర్తిచేసినవాళ్ళకి కొన్ని కేంద్ర ఉద్యోగాల్లో మామూలు పోటీ లేకుండా తీసుకునే వీలు రెండేళ్ళ పాటు ఉంటుంది. ఆ ఉద్యోగాలకి సాధారణంగా పౌరసత్వం కావాలి, గ్రీన్ కార్డు సరిపోదు. 18 దాటిన పిల్లలకి కాలిఫోర్నియాలో 1976 నుంచి నడుస్తున్న రాష్ట్ర కన్జర్వేషన్ కోర్ ఉంది. "కష్టమైన పని, తక్కువ జీతం, దుర్భరమైన పరిస్థితులు, ఇంకా ఎన్నో" అన్నది వాళ్ళ నినాదం. అబద్ధం లేని ప్రకటన.

ఈ రాతి షెడ్లు, పాత మెట్లు ఎవరు కట్టారో మా పాప అడుగుతోంది.

చాలావాటిని 1933 నుంచి 1942 దాకా నడిచిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కుర్రాళ్ళు కట్టారు. మాంద్యం రోజుల్లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పెట్టిన పథకం అది. దాదాపు 30 లక్షల మంది యువకులు పనిచేశారు. నెలకి 30 డాలర్లు, అందులో 25 నేరుగా ఇంటికి వెళ్ళేవి. అప్పట్లో ఆడపిల్లలకి చోటు లేదు, నల్లజాతి కుర్రాళ్ళకి ఎక్కువగా వేరు క్యాంపులు. మీ పాప ఒండ్రు తీస్తున్న రాతి కాలువ వాళ్ళు పేర్చిందే కావచ్చు.

ఇండియాలో సెలవులకి వెళ్ళినప్పుడు ఇలాంటి పని దొరుకుతుందా?

టీనేజ్ పిల్లలకి జీతంతో ఇలాంటిది ఆశించకండి. ఆంధ్రలో మారేడుమిల్లి దగ్గర అటవీ శాఖతో కలిసి గిరిజనుల వన సంరక్షణ సమితులు పర్యాటక క్యాంపులు చూసుకుంటాయి. అది వాళ్ళ జీవనోపాధి. మీరు అక్కడ బస చేసి, డబ్బు కట్టి, పరిసరాలు పాడుచేయకుండా వస్తే అదే సాయం.

తమ్ముడికి ఇంకా 13 ఏళ్ళే, వాడూ వస్తానంటున్నాడు.

జూన్ మొదటి శనివారం నేషనల్ ట్రైల్స్ డే, సెప్టెంబర్ నాలుగో శనివారం నేషనల్ పబ్లిక్ ల్యాండ్స్ డే. ఆ రోజుల్లో చాలాచోట్ల కుటుంబాలతో కలిసి పని పెడతారు. తల్లో తండ్రో వెంట ఉండి ఫారం మీద సంతకం చేస్తే చిన్నపిల్లల్ని కూడా చాలాచోట్ల రానిస్తారు. అరపూట పనే. పిల్లల సైజు గ్లవ్స్ అక్కడ తరచుగా అయిపోతాయి, మీవి మీరు తీసుకెళ్ళండి.